చోటు తెలియని పెంకు: ఓస్టియా తవ్వకంలో నాలుగు వారాలు

రోమ్‌లో విమానం దిగేముందు కిటికీ పక్క సీటు దొరికినవాళ్లకు ఒక్కోసారి ఓ వింత చెరువు కనిపిస్తుంది. ఆరు భుజాలు, ఆరూ సమానం, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటుంది. రెండేళ్ల కింద చదువు కోసం మొదటిసారి వచ్చినప్పుడు నేనూ చూశాను. ఎవరో జమీందారు తన తోటలో తవ్వించుకున్న కొలను అనుకున్నాను. అది క్రీ.శ. 2వ శతాబ్దం మొదట్లో ట్రాజన్ చక్రవర్తి పూర్తి చేయించిన రేవు అనీ, ఒక్కో భుజం సుమారు 358 మీటర్లనీ, దానికి కొద్ది దూరంలోనే ఓస్టియా అనే అంతకన్నా పాత రేవు పట్నం ఉందనీ, ఆ పట్నంలో మోకాళ్ల మీద కూర్చుని నాలుగు వారాలు మట్టి గీకుతాననీ అప్పుడు తెలియదు.

నేను చదివేది పాత కట్టడాల పరిరక్షణ. మా కోర్సులో ఒక వేసవైనా తవ్వకంలో పని చేయాలి. నిరుడు ఒక విశ్వవిద్యాలయం ఓస్టియాలో నడిపే శిక్షణకు దరఖాస్తు పెట్టాను. ధనుర్వాతం టీకా వేయించుకున్న కాగితం, బీమా, ముందు భాగంలో ఇనుప రేకు ఉన్న బూట్లు ఉంటేనే లోపలికి రానిస్తామన్నారు. అన్నీ సమకూర్చుకుని ఇంటికి ఫోన్ చేశాను.

మా నాయిన తాపీ మేస్త్రి. మా ఊరు సంగారెడ్డి దగ్గర, కొండాపూర్‌కు పోయే దారిలో. కొండాపూర్‌లో శాతవాహనుల నాటి పాటిగడ్డ ఉంది. నిజాం కాలంలో, 1940 నుంచి 1942 దాకా, అక్కడ తవ్వితే నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. వాటిలో రోమ్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెం కూడా ఉంది. మా ఊళ్లోనూ చిన్న గడ్డ ఒకటి ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో తర్వాత చెబుతాను.

"తవ్వుడు పనికి గంత దూరం పోవాల్నా బిడ్డా" అన్నాడు నాయిన. "ఏం పనిముట్లు ఇస్తరు?"

"తాపీ ఇస్తరు నాయినా."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మంచిగ పట్టుకో. మణికట్టు నొయ్యకుండ" అన్నాడు.

పొద్దున ఆరు దాటగానే పిరమిడ్ పక్కనున్న పోర్టా సాన్ పాలో స్టేషన్‌లో రైలెక్కితే అరగంటలో ఓస్టియా అంతీకా. రోడ్డు మీదుగా కట్టిన కాలివంతెన దాటి, పొగడ పందిరిలా వంగిన పైన్ చెట్ల కిందుగా నడిస్తే సమాధులు మొదలవుతాయి, ఆ తర్వాత నగర ద్వారం. గేటు తెరవకముందే మేం లోపలుండేవాళ్లం. ఆ వేళలో రోమన్ల బండ్ల దారి మీద మా బూట్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు.

ఓస్టియా అంటే లాటిన్‌లో నోరు అనే మాట నుంచి వచ్చింది, టైబర్ నది సముద్రంలో కలిసే నోరు. క్రీ.పూ. 4వ శతాబ్దంలో ఇక్కడ చిన్న కోట కట్టారు. రోమ్ పెరిగేకొద్దీ దాని తిండి పెరిగింది, ఆ తిండి ఓడల మీద వచ్చింది. ఈజిప్టు నుంచి, ఆఫ్రికా నుంచి గోధుమలు, స్పెయిన్ నుంచి నూనె. చిక్కల్లా ఏమిటంటే, ఓస్టియాకు అసలు మంచి రేవు లేదు. నది ఇసుక మేట వేస్తుంది. పెద్ద ఓడలు బయటే లంగరు వేసి, సరుకును చిన్న పడవల్లోకి దించుకోవలసి వచ్చేది. అందుకే క్లాడియస్ చక్రవర్తి క్రీ.శ. 42లో ఉత్తరాన రెండు మైళ్ల దూరంలో కొత్త రేవు మొదలుపెట్టాడు. ఈజిప్టు నుంచి పెద్ద రాతి స్తంభాన్ని మోసుకొచ్చిన ఓడనే సముద్రంలో ముంచి, కాంక్రీటు నింపి, దాని మీద దీపస్తంభం లేపారు. ఆ రాతి స్తంభం ఇప్పుడు వాటికన్‌లో సెయింట్ పీటర్స్ చౌక్ మధ్యన నిలబడి ఉంది. అంత చేసినా 62లో వచ్చిన తుఫానుకు రేవులో కట్టేసిన ఓడలే రెండువందల దాకా నాశనమయ్యాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆరు భుజాల చెరువు ఆ దెబ్బ తర్వాతి ఆలోచన. సముద్రానికి దూరంగా, నేలను తొలిచి, గాలి తగలని చోట కట్టారు.

ఇదంతా మొదటి రోజు చెట్టు నీడలో కూర్చోబెట్టి చెప్పారు. తర్వాత తలా ఒక తాపీ ఇచ్చారు.

మా నాయిన తాపీలో సగం కూడా లేదది. అరచేయంత ఆకు, కొన సూదిగా ఉంటుంది, కానీ కొనతో పొడవకూడదు. అంచుతో, మన వైపుకు లాగాలి. వెనక్కి జరుగుతూ పోవాలి, తీసిన చోట కాలు పెట్టకూడదు. మా ట్రెంచ్, అంటే మేం తవ్వే చోటు, చూసుకునే ప్రొఫెసర్‌ను అక్కడ అందరూ పేరు పెట్టే పిలిచేవాళ్లు. నాకు నోరు రాలేదు, చివరి రోజు దాకా ప్రొఫెసోరెస్సా అనే అన్నాను. ఆమె నా మణికట్టును ఓ పూట చూసి, "ఇంతకుముందు ఈ పని చేశావా?" అని అడిగింది. చిన్నప్పుడు నాయిన వెంట పోయి గోడల మీద సిమెంటు సాపు చేసిన చేయి అది. ఆ మాట చెప్తే ఆమె ముఖం వికసించింది. మర్నాటి నుంచి గోడల వారగా ఉండే పని నాకే ఇచ్చింది.

మాది వీధి వారన ఉన్న ఓ దుకాణం వెనక గది. నాలుగు మీటర్లకు ఐదు. పైన అడుగు మందం మట్టి వదులుగా ఉంది. అందులో తుప్పు పట్టిన మేకులు, తీగ ముక్కలు, ఒక సీసా మూత. అవన్నీ వెనకటి తవ్వకం వాళ్లవి. 1942లో రోమ్‌లో ప్రపంచ ప్రదర్శన జరపాలని ముస్సోలినీ ప్రభుత్వం అనుకుంది. వచ్చేవాళ్లకు చూపించడానికి ఓ నగరం కావాలి. 1938 నుంచి నాలుగేళ్లలో, గ్విదో కాల్జా అనే పురాతత్వవేత్త ఆధ్వర్యంలో, అంతవరకు తవ్విన ఓస్టియాకు దాదాపు రెట్టింపు బయటపెట్టారు. యుద్ధం వచ్చి ప్రదర్శన జరగనే లేదు. ఈ రోజు మనం నడిచే వీధులు, ఎక్కే మెట్లు, ఆ నాలుగంతస్తుల ఇళ్ల గోడలు చాలావరకు ఆ నాలుగేళ్ల శ్రమ. ఆ మనుషుల చెమటను తక్కువ చేయను. కానీ వాళ్లకు కావలసింది 2వ శతాబ్దపు వైభవం. దాని పైన పేరుకున్న పొరలు, అంటే తర్వాతి రెండు మూడు వందల ఏళ్లు జనం ఎలా బతికారో చెప్పే మన్ను, చాలా చోట్ల రాతలో ఎక్కకుండానే పారబోసిన మట్టికుప్పల్లో పోయింది. గది మూలల్లో వాళ్లు వదిలేసిన కొద్దిపాటి మట్టి కోసమే ఇప్పుడు మా బోటి వాళ్లు చంచాలతో తవ్వినట్టు తవ్వుతున్నారు.

కొండాపూర్ తవ్వకం, ఈ పెద్ద తవ్వకం ఒకే సంవత్సరాల్లో జరిగాయని నాకు మొదటి వారంలోనే తట్టింది. ఆ సంగతి నన్ను వదల్లేదు.

పని తీరు ఇలా ఉండేది. మట్టి రంగు మారినా, గట్టిదనం మారినా, అందులో కలిసిన వాటి తీరు మారినా అది వేరే పొర. ప్రతి పొరకూ ఓ నంబరు. పొరకే కాదు, ఎప్పుడో ఎవరో గుంత తవ్వి ఉంటే ఆ గుంత అంచుకూ ఓ నంబరు, లోపల నింపిన మట్టికి ఇంకో నంబరు. ఖాళీకి కూడా నంబరేమిటని మొదట నాకు ఎక్కలేదు. మూడో రోజు ప్రొఫెసోరెస్సా గుంత అంచు మీద నీళ్లు చిలకరించి చూపించింది. తడిసిన మట్టిలో చీకటి గీత ఒకటి తేలింది, పలుగు దిగిన జాడ. "ఇక్కడ ఒక మనిషి ఒక పూట పని చేశాడు. అది సంఘటన. మట్టి లేదని సంఘటన లేదనలేం కదా" అంది. అప్పటి నుంచి గుంతల అంచులు ఎంతో జాగ్రత్తగా శుభ్రం చేశాను.

నంబర్లన్నిటినీ సాయంత్రం ఒక పటంలో గీతలతో కలుపుతారు. ఏది దేని మీద ఉంది, ఏది దేన్ని కోసింది అని. 1973లో ఎడ్వర్డ్ హారిస్ అనే ఆయన కనిపెట్టిన పద్ధతి, ఆయన పేరుతోనే హారిస్ మాట్రిక్స్ అంటారు. చూడ్డానికి వంశవృక్షంలా ఉంటుంది. అన్నిటికన్నా పాతది అడుగున, కొత్తది పైన.

పదో రోజుకి నేల తగిలింది. గులాబీ రంగు, రాయిలా గట్టి. ఇటాలియన్లు కోచ్చోపెస్తో అంటారు, దంచిన కుండపెంకులు సున్నంలో కలిపి దిమ్మిస కొట్టిన గచ్చు. ఫొటో తీసి నాయినకు పంపాను.

"సుర్కీ గాదు బిడ్డా అది?" అని వెంటనే ఫోన్. "మా నాయిన గడీల పనిచేసినప్పుడు గట్లనే చేసేటోడు. ఇటుకపొడి, గానుగ సున్నం. తడి పట్టదు. సిమెంటు వచ్చినంక ఎవనికి పట్టింది!" ఆ రోజు అరగంట మాట్లాడాం. గోడల గురించి అడిగితే ఫోన్ తిప్పి చూపించాను. ఓస్టియా గోడ బయటికి ఇటుకే కనిపిస్తుంది కానీ లోపల కాంక్రీటు. చదరపు ఇటుకను మూల నుంచి మూలకు కోసి ముక్కోణాలు చేస్తారు. పొడుగు అంచు బయటికి, మొన లోపలికి పెడతారు. మొనలు కాంక్రీటులోకి పంటి వేర్లలా దిగి పట్టుకుంటాయి. నాయిన ఆ విరిగిన గోడ కోతను ఎంతసేపు చూశాడో! ఇటుక మందం వేళ్లతో కొలిచి చెప్పమన్నాడు. మూడు వేళ్లు కూడా లేదు. "సాపుగ పెట్టిర్రు. దండం పెట్టాలె ఆ మేస్త్రికి" అన్నాడు. ఆయన ఊరికే అలాంటి మాట అనడు.

ఆ గోడ పక్కన పడిపోయిన ఇటుకల్లోనే నాకు ముద్ర దొరికింది. చంద్రవంక ఆకారంలో రెండు వరసల అక్షరాలు, సగానికి పైగా విరిగిపోయాయి. బ్రష్‌తో తుడిచి, వెలుతురు పక్క నుంచి పడేలా పట్టుకుంటే "ఎత్ అప్రో" అన్నంత మేర చదవొచ్చు. అంతే చాలు. పేతినో ఎత్ అప్రోనియానో, అంటే పేతినస్, అప్రోనియానస్ అనే ఇద్దరు కాన్సుల్‌గా, అంటే ఏటేటా మారే రోమ్ పెద్ద అధికారులుగా, ఉన్న ఏడు, క్రీ.శ. 123. రోమన్లు ఏడాదికి అంకె కన్నా పేరు పెట్టడమే ఎక్కువ, మన ప్రభవ విభవల్లాగ. కాకపోతే వాళ్లది మళ్లీ తిరిగి రాని పేరు, అందుకే ఆ ముద్ర పడిన ఇటుక ఏ ఏట బట్టీలోకి పోయిందో ఖాయంగా చెప్పవచ్చు. ఆ 123 ముద్రలు రోమ్‌లోనూ ఓస్టియాలోనూ విపరీతంగా దొరుకుతాయి. తత్త్వవేత్త చక్రవర్తి మార్కస్ అరేలియస్ తల్లి దోమిషియా లూసిల్లాకు కూడా ఇటుక బట్టీలుండేవి, ఆమె పేరుతోనూ ముద్రలున్నాయి. మన దగ్గర ఇటుక నడుమ గుంటలో బట్టీ యజమాని పేరులోని అక్షరాలు ఉంటాయి కదా. చిన్నప్పుడు ఇటుకలు అందిస్తూ వాటిని కూడబలుక్కునే దాన్ని. పందొమ్మిది వందల ఏళ్ల కిందటి బట్టీ అక్షరాలు చదువుతుంటే వేళ్లు వణికాయి.

"సంబరపడు, కానీ తొందరపడకు" అంది ప్రొఫెసోరెస్సా. ముద్ర ఇటుక పుట్టిన ఏడు చెబుతుంది, గోడ పుట్టిన ఏడు చెప్పదు. ఇటుకలు బట్టీ దగ్గర ఏళ్ల తరబడి నిలవ ఉండొచ్చు, పాత గోడ కూల్చి తెచ్చి వాడి ఉండొచ్చు. పైగా ఇది పడిపోయిన ఇటుక. మా గోడదే అని ఎవరు సాక్ష్యం?

ఈ పాఠం చెప్పించుకున్న మూడో రోజే నేను తప్పు చేశాను.

సుర్కీ నేల ఒక పక్క విరిగి ఉంది. ఆ విరిగిన చోట కిందికి తవ్వితే, నేల ఎత్తు పెంచడానికి నింపిన మట్టి, దాని నిండా ఆంఫొరాల ముక్కలు, అంటే నూనె, ద్రాక్షసారా ఓడల్లో మోసే పెద్ద మట్టి జాడీలవి. ఓస్టియాలో ఇది మామూలే. నది వరదలకు, తేమకు 1వ శతాబ్దం చివర, 2వ శతాబ్దం మొదట్లో నగరంలో చాలా భాగాల్లో నేలను మీటరు దాకా ఎత్తారు. ట్రెంచ్ గోడలో, సరిగ్గా నేల విరిగిన అంచు దగ్గర, ఓ లావుపాటి పిడి బయటికి పొడుచుకొచ్చింది. బొటనవేలంత మందం, గుండ్రంగా, నడుమ వంగి ఉంది. దాని వీపు మీద ముద్ర ఉంది, మూడు అక్షరాలు మసకగా. మధ్యాహ్నం పన్నెండు, ఎండ మండుతోంది, అందరూ నీళ్లకు పోయారు. అక్షరాలు సరిగ్గా చూద్దామని పట్టుకున్నాను. అది కదిలింది. లాగాను, వచ్చేసింది. వెనకాల మట్టి జలజలా రాలి, అది కూర్చున్న గూడు పూడిపోయింది.

ప్రొఫెసోరెస్సా వచ్చి నా చేతిలో ఉన్నదాన్ని, గోడను చూసింది. కేకలేయలేదు. పక్కన గొంతుకూర్చుని అడిగింది, "ఇది నేల కింది మట్టిలో ఉందా? నేలను కోసిన గుంతలో ఉందా?"

నాకు తెలియదు. నేను అక్షరాలనే చూశాను, చుట్టూ ఉన్న మట్టిని చూడలేదు.

అది దక్షిణ స్పెయిన్ నుంచి నూనె మోసుకొచ్చిన ఆంఫొరా పిడి. డ్రెసెల్ 20 అంటారు ఆ రకాన్ని. బాన పొట్ట, ఖాళీదే ముప్పై కిలోలు తూగుతుంది, డెబ్బై లీటర్ల నూనె పడుతుంది. వాటి పిడుల మీది ముద్రలను పండితులు నూటేళ్లకు పైగా పోగుచేస్తున్నారు, చాలావాటికి కాలం తెలుసు. నేల కింద, ఎవరూ కదపని మట్టిలో ఆ పిడి ఉండి ఉంటే, ఈ నేల ఆ పిడి కన్నా తర్వాతే వేశారని ఖాయం. మా గదికి ఒక తేదీ దొరికేది. గుంతలో ఉండి ఉంటే, ఎప్పుడో ఎవరో తవ్వి పడేసిన చెత్త. రెంటికీ మధ్య దూరం నాలుగు వేళ్లు. ఆ నాలుగు వేళ్ల సంగతి నేను పోగొట్టాను.

ఆమె ఓ సంచి తెచ్చి, చీటీ మీద నంబరు రాసే చోట "స్పొరాదికో" అని రాయించింది, నా చేతనే. చోటు తెలియని వస్తువుకు వాళ్ల మాట అది. పిడి ఎక్కడికీ పోలేదు, ముద్రా చెక్కుచెదరలేదు. సాక్ష్యం మాత్రం పోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా ఊరి గడ్డ గుర్తొచ్చింది. ఎండాకాలం వచ్చిందంటే పాటిమన్ను కోసం బండ్లు కట్టేవాళ్లు, తర్వాత ట్రాక్టర్లు. వందల ఏళ్ల బూడిద, పేడ, ఎముకలు కలిసిన మన్ను, చెల్కలో వేస్తే పంట ఎగబడి వస్తుంది. రైతుకది ఎరువు, తప్పేమీ లేదు, ఆ గడ్డ ఏమిటో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు. నేను ఆ ట్రాక్టర్ల వెంట పరిగెత్తి చిల్లపెంకులు, గాజు ముక్కలు, పూసలు ఏరుకుని బిస్కెట్ల డబ్బాలో దాచుకున్నాను. నాకు పదేళ్లు వచ్చేసరికి గడ్డ లేదు, చదును. ఆ డబ్బా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందులో ఉన్నదంతా స్పొరాదికోయే.

మూడో వారం నన్ను పెంకుల దగ్గరికి మార్చారు. శిక్ష కాదు, అందరికీ వంతు వస్తుంది. కానీ నేను అడిగి ఇంకొన్ని రోజులు అక్కడే ఉన్నాను. తవ్వకంలో అసలు ఆనందం నాకు దొరికింది ఆ నీళ్ల బకెట్ల దగ్గరే.

సంచి విప్పగానే మొదట చీటీ చూడాలి. చీటీలు రెండు, ఒకటి లోపల, ఒకటి బయట. ఒక సంచి పెంకులు ఇంకో సంచి వాటితో కలిస్తే మొత్తం తవ్వకం వృథా, అందుకని ఒకసారికి ఒకే సంచి. మెత్తటి బ్రష్‌తో కడగాలి. పైభాగం కన్నా ముందు విరిగిన అంచును కడగాలి, ఎందుకంటే మట్టి ఏ ఊరిదో చెప్పేది ఆ అంచే. సిరాతో రాసిన గీతల జాడ ఉన్నట్టు అనిపిస్తే బ్రష్ ఆనించకూడదు. ఆంఫొరాల మీద వ్యాపారుల పేర్లు, బరువులు రాసేవాళ్లు, ఒక్క రుద్దుకు పోతాయి. ఇనుము, కంచు, రంగు గిలాబా ముక్కలు నీళ్లకు చూపించనే కూడదు. కడిగినవి నీడన జాలీ పెట్టెల్లో ఆరబెట్టి, ఆరాక వేరుచేయాలి. అంచులు, పిడులు, అడుగులు, పొట్ట ముక్కలు. లెక్కపెట్టాలి, తూచాలి, రాయాలి.

నాకు ఆ వేరుచేయడం నేర్పిన కుర్రవాడు ట్యునీషియా వాడు. వాళ్ల నేల మట్టిని కళ్లు మూసుకుని గుర్తుపడతాడు. నున్నగా, నారింజ ఎరుపులో ఉన్న పళ్లెం ముక్క చేతికిస్తే, "ఇది మా ఊరిది" అనేవాడు, ఆఫ్రికా నుంచి మధ్యధరా అంతటికీ పోయిన ఎర్ర పళ్లేలు అవి. విరిగిన అంచులో నల్ల ఇసుక మెరిస్తే వెసూవియస్ చుట్టుపక్కల చేసిన ద్రాక్షసారా ఆంఫొరా, ఆ నలుపు అగ్నిపర్వతపు ఇసుక. అడుగు బల్లపరుపుగా ఉండి, ఒళ్లు పలచగా ఉంటే గాల్ దేశపుది, ఇప్పటి దక్షిణ ఫ్రాన్స్. నాలుగు రోజుల్లో నాకూ వేళ్లకు తెలిసిపోయింది. ఒక గరుకు, ఒక జిడ్డు, ఒక సున్నపు పొడి.

ఈ తూకాలకు ఓస్టియాలో పెద్ద చరిత్రే ఉంది. 1960ల చివర్లో ఈతగాడి స్నానఘట్టం అని పిలిచే చోట ఆంద్రేయా కరాందీనీ, ఆయన తోటి యువకులు పొరపొరగా తవ్వి, అందమైనవే కాకుండా ప్రతి పెంకునూ లెక్కపెట్టారు, అప్పటికది కొత్త. దాంతో ఏం తేలిందంటే, ఓస్టియా గోదాముల్లోకి, వంటిళ్లలోకి ఇటలీ సారా తగ్గుతూ గాల్, స్పెయిన్, ఆఫ్రికా సరుకు పెరుగుతూ వచ్చింది. రాజుల శాసనాలు ఈ సంగతి చెప్పవు, చెత్తకుప్ప చెప్పింది. రోమ్‌లో మోంతే తెస్తాచ్చో అనే గుట్టయితే దాదాపు మొత్తం నూనె ఆంఫొరాల పెంకులే, ముప్పై అయిదు మీటర్ల ఎత్తు. ఒక ఆదివారం పోయి దాని మొదట్లో నిలబడి వచ్చాను.

భోజనం విరామంలో నేను ఎక్కువగా నాటకశాల వెనకున్న చౌక్‌కు పోయేదాన్ని. చుట్టూ దాదాపు అరవై చిన్న గదులు, ఒక్కోదాని ముందు నేల మీద నలుపు తెలుపు రాళ్లతో బొమ్మలు. ఓడలు, దీపస్తంభం, చేపలు. ఒకచోట ఏనుగు, కింద సబ్రత ఊరివాళ్లని రాసి ఉంటుంది, అది ఇప్పటి లిబియాలో ఉంది. ఒకచోట గోధుమలు కొలిచే పాత్ర. ధాన్యం కొలిచేవాళ్ల సంఘం భవనంలో ఇంకా పెద్ద బొమ్మ ఉంది. కుంచం లాంటి పాత్ర, పక్కన చదును చేసే కర్ర పట్టుకున్న మనిషి. కళ్లంలో మా పెదనాయిన కుంచం నింపి పైన చేత్తో దువ్వేవాడు, ఎక్కువ తక్కువ కాకుండా. ఆ బొమ్మ ముందు నిలబడితే కళ్లంలో వడ్ల వాసన వచ్చినట్టయింది.

మన మిరియాలు కూడా ఈ దారినే వచ్చాయి. కేరళ రేవుల నుంచి ఎర్రసముద్రం, అక్కడి నుంచి ఒంటెల మీద నైలు, అలెగ్జాండ్రియా, ఆ తర్వాత ఇటలీ. రోమ్ నడిబొడ్డున దొమీషియన్ చక్రవర్తి మిరియాల గోదాములే కట్టించాడు. కొండాపూర్‌లో దొరికిన ఆగస్టస్ నాణెం ఈ రాకపోకల్లోదే. ఎవరి చేతులు మారి సంగారెడ్డి దాకా వచ్చిందో!

చివరి వారం మళ్లీ ట్రెంచ్‌లోకి దిగాను. మొదట చేసిన పని, నేను పూడ్చిన గూటి చుట్టూ గోడను శుభ్రం చేసి, మట్టి హద్దులు గీసి, బొమ్మ వేయడం. పిడి ఉన్న చోటు ఇది అయి ఉండొచ్చు అని చుక్కల గీతతో పెట్టాను. గుంత అంచు ఆ చుక్కలకు రెండు వేళ్ల దూరంలో పోతోంది. ఇటో అటో చెప్పడానికి రెండు వేళ్లు చాలవు. ప్రొఫెసోరెస్సా చూసి, "చుక్కల గీత సరైనదే. తెలియనిదాన్ని తెలియదనే గీశావు" అని సంతకం పెట్టింది.

ఆఖరి రోజున ట్రెంచ్ మూసేశాం. సుర్కీ నేల మీద తెల్లటి మందపు గుడ్డ పరిచి, దాని మీద జల్లించిన మట్టి పోశాం. నాలుగు వారాలు తీసిన మన్ను ఒక పూటలో తిరిగి పోశాం. గుడ్డ మీద ఒక కొత్త నాణెం పెట్టారు, మళ్లీ తవ్వేవాళ్లకు మేం ఎప్పుడు మూశామో తెలియడానికి.

ఆగస్టులో ఇంటికి వచ్చాను. రెండో రోజు పొద్దున బిస్కెట్ల డబ్బా దించి, వాకిట్లో చాప మీద పరిచాను. పెంకులు, పూసలు, గాజు ముక్కలు కలిపి నలభై ఒకటి. నాయిన చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. నేను ఊరికే ఒక నల్లటి పెంకు ఎత్తి చూపించాను.

"ఇది బాయి తవ్విన ఏడు దొరికింది నీకు" అన్నాడు. "గడ్డకు ఉత్తరం దిక్కు, చింతచెట్టు కాడ. ఆ దిక్కు మన్ను మనమే తెచ్చుకుంటిమి. నువ్వు బండి మీదకెల్లి దుంకి ఏరినవ్, మోకాలు పగిలింది. యాదికి లేదా?"

నాకు మోకాలి మచ్చ తెలుసు, ఎందుకయిందో తెలియదు.

లోపలికి పోయి కాగితాలు, పెన్ను తెచ్చుకున్నాను. ఊరి పటం గీశాను. బాయి, చింతచెట్టు, ఒకప్పుడు గడ్డ ఉన్న చోటు. నాయిన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, వెలుతురుకు తిప్పి, చాలావాటిని పక్కన పెట్టేశాడు. కొన్నింటికి మాత్రం ఏడు చెప్పాడు, దిక్కు చెప్పాడు, బండి ఎవరిదో చెప్పాడు. మధ్యాహ్నానికి తొమ్మిదింటికి చీటీలు రాశాం, రెండేసి చొప్పున, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. మిగతా ముప్పై రెండింటి సంచి మీద తెలుగులోనే "చోటు తెలియదు" అని రాసి, తేదీ వేశాను.